ఎదుటి పార్టీ మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవచ్చా? లింకన్ ఆడిన జూదం

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు దగ్గర పడిన ప్రతిసారీ ఒక ఐడియా మళ్లీ బయటికి వస్తుంది. "ఈ రెండు పార్టీల గొడవ చూసి జనం విసిగిపోయారు. కాబట్టి అధ్యక్ష అభ్యర్థి ఒక పార్టీ నుంచి, ఉపాధ్యక్ష అభ్యర్థి ఇంకో పార్టీ నుంచి ఉంటే ఎలా ఉంటుంది?" అని. వినగానే బాగుంటుంది కదా. రిపబ్లికన్ పక్కన డెమొక్రాట్, ఇద్దరూ చేతులు పట్టుకుని స్టేజీ మీద. దేశం మొత్తం చప్పట్లు.

ఇది ఊహ మాత్రమే కాదు, నిజంగా జరిగింది. చేసినవాడు కూడా మామూలు మనిషి కాదు, అబ్రహాం లింకన్. ఆ నిర్ణయానికి అసలు బిల్లు కట్టింది మాత్రం ఆ ఎన్నికలో ఓటు కూడా లేని మనుషులు. ఈరోజు ఆ కథ చెప్పుకుందాం. చివర్లో నా అభిప్రాయం కూడా సూటిగా చెప్తాను.

ముందు ఒక చిన్న విషయం క్లియర్ చేసుకుందాం, లేకపోతే మనకి కథ సరిగ్గా ఎక్కదు. మన దేశంలో ఉపరాష్ట్రపతి ఎన్నిక వేరే, రాష్ట్రపతి ఎన్నిక వేరే. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే చనిపోయారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న మన వి.వి. గిరి గారు తాత్కాలికంగా ఆ బాధ్యత తీసుకున్నారు. అంతే, తాత్కాలికంగానే. ఆరు నెలల్లోపు కొత్త రాష్ట్రపతి ఎన్నిక జరగాలి, ఆ ఆగస్టులోనే జరిగింది కూడా. మన ముఖ్యమంత్రుల సంగతీ అంతే. 2009 సెప్టెంబర్ 2న హెలికాప్టర్ ప్రమాదంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు చనిపోతే, మర్నాడు అదే పార్టీకి చెందిన రోశయ్య గారు ప్రమాణం చేశారు. కుర్చీలో మనిషి మారాడు, పార్టీ మారలేదు.

అమెరికాలో అలా కాదు. అధ్యక్షుడు చనిపోతే ఉపాధ్యక్షుడు నేరుగా అధ్యక్షుడైపోతాడు. మిగిలిన కాలం మొత్తం, మూడేళ్లు ఉన్నా, మూడేళ్ల పదకొండు నెలలు ఉన్నా, అంతా ఆయనదే. మధ్యలో ఉప ఎన్నిక ఉండదు, పార్టీ మీటింగ్ పెట్టి ఇంకొకర్ని ఎన్నుకోవడం ఉండదు. ఇది అరుదుగా జరిగేది అనుకుంటున్నారేమో. ఇప్పటివరకు 45 మంది వ్యక్తులు అమెరికా అధ్యక్షులయ్యారు. అందులో 9 మంది పదవీకాలం మధ్యలోనే కుర్చీ ఖాళీ చేశారు. 8 మంది చనిపోయారు, నిక్సన్ ఒక్కడు రాజీనామా చేశాడు. అంటే ఐదుగురిలో ఒకరు. ఇంకో మాట కూడా గుర్తు పెట్టుకోండి. అధ్యక్షుడు తన మంత్రిని ఎప్పుడైనా తీసేయగలడు. ఉపాధ్యక్షుణ్ణి మాత్రం తీసేయలేడు. ఈ రెండు రూల్స్ మీదే మన కథంతా నడుస్తుంది.

సరే, 1864కి వెళ్దాం. అమెరికాలో అంతర్యుద్ధం మొదలై మూడేళ్లు దాటింది. దక్షిణాది రాష్ట్రాలు బానిసత్వాన్ని కాపాడుకోవడానికి దేశం నుంచి విడిపోయి కాన్ఫెడరసీ అని వేరు కుంపటి పెట్టాయి. ఉత్తరాది వాళ్లతో యుద్ధం చేస్తోంది. శవాలు గుట్టలుగా పడుతున్నాయి, గెలుపు మాత్రం కనపడట్లేదు. అలాంటి టైమ్‌లో ఎన్నికలు. లింకన్ రిపబ్లికన్. గెలవాలంటే ఆయన సొంత పార్టీ ఓట్లు చాలవు. డెమొక్రాట్లలో కూడా "దేశం ముక్కలు కాకూడదు, యుద్ధం గెలవాల్సిందే" అనేవాళ్లు ఉన్నారు. వాళ్లని వార్ డెమొక్రాట్లు అనేవారు. వాళ్ల ఓట్లు కావాలి.

అందుకే రిపబ్లికన్లు ఆ ఎన్నికకి పార్టీ బోర్డే మార్చేశారు. నేషనల్ యూనియన్ పార్టీ అని పేరు పెట్టుకున్నారు. జూన్‌లో బాల్టిమోర్‌లో సభ పెట్టారు. అప్పటికి ఉపాధ్యక్షుడు హానిబల్ హామ్లిన్, మెయిన్ రాష్ట్రం మనిషి, బానిసత్వానికి గట్టి వ్యతిరేకి. ఆయన్ని పక్కన పెట్టి టెన్నెస్సీకి చెందిన ఆండ్రూ జాన్సన్ అనే డెమొక్రాట్‌ని టికెట్ మీదకి తెచ్చారు. ఇందులో లింకన్ తెరవెనక ఎంత వేలు పెట్టాడన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. కానీ ఆయన వద్దనలేదన్నది మాత్రం నిజం.

ఈ జాన్సన్ ఎవరు? చాలా ఆసక్తికరమైన మనిషి. బీద కుటుంబం. జీవితంలో ఒక్కరోజు కూడా బడికి వెళ్లలేదు. టైలర్ పని నేర్చుకుని, బట్టలు కుట్టుకుంటూ, అక్కడి నుంచి రాజకీయాల్లో ఎదిగి గవర్నర్, సెనేటర్ దాకా వచ్చాడు. టెన్నెస్సీ దేశం నుంచి విడిపోయినప్పుడు, విడిపోయిన రాష్ట్రాల సెనేటర్లందరిలో తన సీటు వదలకుండా దేశం వైపు నిలబడ్డది ఈయనొక్కడే. ఆ రోజుల్లో దానికి ప్రాణాలకి తెగించాలి. 1862లో లింకన్ ఆయన్ని టెన్నెస్సీకి మిలిటరీ గవర్నర్‌గా పంపాడు. 1864 అక్టోబర్‌లో నాష్‌విల్‌లో నల్లజాతి ప్రజల సభలో నిలబడి, మిమ్మల్ని నడిపించే మోషేని నేనే అవుతాను అన్నాడు. బైబిల్‌లో బానిసల్ని విడిపించిన మోషే అన్నమాట.

చూడండి, పేపర్ మీద ఇంతకంటే మంచి ఎంపిక ఉంటుందా? దక్షిణాది మనిషి, డెమొక్రాట్, పేదవాడు, ధైర్యవంతుడు, దేశభక్తుడు. లింకన్ తెలివైన పని చేశాడని ఎవరైనా అంటారు.

అయితే ఒక్క ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు. దేశం ఒకటిగా ఉండాలి అన్నదాంట్లో వీళ్లిద్దరిదీ ఒకే మాట, సరే. యుద్ధం గెలిచాక ఏం చేద్దాం అన్నదాంట్లో? బానిసత్వం నుంచి బయటపడే సుమారు 40 లక్షల మంది పరిస్థితి ఏంటి? వాళ్లకి భూమి ఉంటుందా, కోర్టులో సాక్ష్యం చెప్పే హక్కు ఉంటుందా, ఓటు ఉంటుందా? ఇవేవీ సీటు ఇచ్చేటప్పుడు చర్చకి రాలేదు. జాన్సన్ కూడా ఒకప్పుడు బానిసల్ని పెట్టుకున్నవాడే. ఆయనకి దక్షిణాది పెద్ద భూస్వాముల మీద కోపం ఉంది. ఆ కోపం చూసి, ఆయనకి నల్లజాతి వాళ్ల మీద ప్రేమ ఉందని జనం అనుకున్నారు. ఈ రెండూ ఒకటి కావు కదా.

సరే, ఎన్నికల సంగతి. ఆగస్టుకి లింకన్ పరిస్థితి ఎంత దిగజారిందంటే, ఆగస్టు 23న ఆయన ఒక కాగితం మీద, నేను మళ్లీ గెలిచే అవకాశం కనపడట్లేదు అనే అర్థంలో రాసి, మడిచి, లోపల ఏముందో చూపించకుండా మంత్రులందరితో వెనకవైపు సంతకాలు పెట్టించాడు. ఆ తర్వాత పది రోజులకి, సెప్టెంబర్ 2న, జనరల్ షెర్మన్ సైన్యం అట్లాంటాని పట్టుకుంది. ఒక్క దెబ్బతో గాలి తిరిగింది. నవంబర్‌లో ఫలితం చూస్తే లింకన్‌కి 212 ఎలక్టోరల్ ఓట్లు, ప్రత్యర్థి మెక్‌క్లెల్లన్‌కి 21. జాన్సన్ సొంత రాష్ట్రం టెన్నెస్సీ ఓట్లని కాంగ్రెస్ లెక్కలోకే తీసుకోలేదు.

అంటే ఏంటి? గెలిపించింది ఎక్కువగా అట్లాంటా. జాన్సన్ పేరు వల్ల కొన్ని ఓట్లు వచ్చి ఉండొచ్చు, కానీ 212కి 21 అన్నప్పుడు ఆయన లేకపోయినా లింకన్ గెలిచేవాడనే చెప్పాలి. ఇక్కడ లింకన్‌కి న్యాయం చేయాలి. జూన్‌లో సభ జరిగినప్పుడు సెప్టెంబర్‌లో ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు? ఓడిపోతే యుద్ధమే ఆగిపోవచ్చు, బానిసత్వం మిగిలిపోవచ్చు. ఆ భయంలో తీసుకున్న నిర్ణయం అది. కాబట్టి మూర్ఖత్వం అనను. జూదం అంటాను. పైగా పందెంలో పెట్టింది ఆయన సొంత ఆస్తి కాదు.

1865 మార్చి 4, ప్రమాణ స్వీకారం. జాన్సన్ జ్వరం నుంచి అప్పుడే కోలుకుంటున్నాడు, నీరసంగా ఉందని విస్కీ తాగాడు. కొంచెం కాదు. సెనేట్ హాల్లో తడబడుతూ, అర్థం పర్థం లేకుండా మాట్లాడాడు. పెద్దలంతా తలలు దించుకున్నారు. ఆరోజు జనంలో ఫ్రెడరిక్ డగ్లస్ కూడా ఉన్నాడు. బానిసగా పుట్టి, తప్పించుకుని, దేశంలోనే గొప్ప వక్త అయిన మనిషి. లింకన్ తనని జాన్సన్‌కి చూపించినప్పుడు ఆ ముఖంలో మొదట కనపడింది తిరస్కారం అని, ఈయన మా జాతికి మిత్రుడు కాడని తనకి అప్పుడే అర్థమైందని డగ్లస్ తర్వాత రాసుకున్నాడు. ఒక్క చూపులో ఆయన పట్టేసింది, బాల్టిమోర్ సభలో కూర్చున్న పెద్దలెవరూ పట్టుకోలేదు.

సరిగ్గా 42 రోజులు. ఏప్రిల్ 14 రాత్రి ఫోర్డ్స్ థియేటర్‌లో లింకన్ మీద కాల్పులు జరిగాయి, 15 ఉదయం ఆయన చనిపోయాడు. అదే రోజు జాన్సన్ తాను ఉంటున్న హోటల్లోనే అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. నాలుగేళ్ల పదవిలో ఇంకా మూడేళ్ల పదిన్నర నెలలు మిగిలే ఉన్నాయి. జనం ఓటేసింది రిపబ్లికన్ అధ్యక్షుడికి. ఇప్పుడు కుర్చీలో ఉన్నది డెమొక్రాట్.

ఇక్కడ కొంచెం ఆగుదాం. ఇప్పుడు చెప్పబోయేదే అసలు విషయం.

1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఒక ఆర్డర్ ఇచ్చాడు. సౌత్ కరోలినా, జార్జియా తీరంలో యజమానులు వదిలేసి పారిపోయిన భూముల్ని, విముక్తులైన కుటుంబాలకి 40 ఎకరాల వరకు పంచమని. ఆ ఏడాది మధ్యకల్లా సుమారు 40 వేల మంది ఆ భూముల్లో స్థిరపడ్డారు. మొత్తం దాదాపు 4 లక్షల ఎకరాలు. తరతరాలుగా ఎవరికోసమో చాకిరీ చేసిన నేల మీద, మొదటిసారి తమకోసం నాట్లు వేసుకున్నారు. మన తెలుగు నేల మీద దున్నేవాడికే భూమి అన్న మాట విని పెరిగినవాళ్లకి దాని విలువ ఎంతో నేను చెప్పక్కర్లేదు.

జాన్సన్ ఏం చేశాడు? మే నెలలో క్షమాభిక్ష ప్రకటన ఇచ్చాడు. విధేయత ప్రమాణం చేస్తే పాత తిరుగుబాటుదారులకి ఆస్తులు వెనక్కి, బానిసలు తప్ప. పెద్ద ఆస్తిపరులు మాత్రం స్వయంగా తనకి అర్జీ పెట్టుకోవాలన్నాడు. పెట్టుకున్నారు, ఈయన వేల సంఖ్యలో క్షమించేశాడు. జీవితాంతం ఏ భూస్వాముల్ని తిట్టాడో వాళ్లే వచ్చి చేతులు కట్టుకుని నిలబడితే సరిపోయింది. ఆస్తి వెనక్కి అంటే భూమి వెనక్కి. ఆ భూమిలో అప్పటికే వేరేవాళ్లు పంట వేసుకుని ఉన్నారు.

అక్టోబర్‌లో జనరల్ హోవార్డ్‌ని ఎడిస్టో అనే దీవికి పంపారు. విముక్తుల బాగోగులు చూడ్డానికి పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అధిపతి ఆయన. అక్కడ చర్చిలో జనాన్ని కూర్చోబెట్టి, ఈ భూములు పాత యజమానులకే వదలాలని ఆయన నోటితోనే చెప్పాల్సి వచ్చింది. చర్చి అంతా వద్దు వద్దని గోల. ఆ దీవి వాళ్లు కమిటీ వేసుకుని హోవార్డ్‌కి ఉత్తరం రాశారు, అధ్యక్షుడికి అర్జీ రాశారు. మేము ఎప్పుడూ ఈ దేశానికి విధేయులమే, తుపాకీ పట్టి తిరగబడ్డవాళ్లకి భూమి ఇచ్చి మాకు లేకుండా చేస్తారా అన్నది వాళ్ల వాదన. జవాబు మారలేదు. భూములు చాలావరకు పోయాయి.

అక్కడితో ఆగలేదు. మిసిసిపీ లాంటి రాష్ట్రాలు బ్లాక్ కోడ్స్ అని చట్టాలు తెచ్చాయి. ప్రతి జనవరిలో నల్లజాతి మనిషి దగ్గర పని చేస్తున్నట్టు రాతపూర్వక ఆధారం ఉండాలి. లేకపోతే తిరుగుబోతు అని జరిమానా. కట్టలేకపోతే ఇంకొకరి దగ్గర కూలికి అప్పగిస్తారు. పేరు మారింది, పని మారలేదు. కాంగ్రెస్ దీన్ని ఆపడానికి 1866లో పౌర హక్కుల చట్టం చేస్తే జాన్సన్ వీటో కొట్టాడు. ఫ్రీడ్‌మెన్స్ బ్యూరోని కొనసాగించే బిల్లునీ వీటో కొట్టాడు. ఆ ఫిబ్రవరిలోనే డగ్లస్ బృందం వైట్‌హౌస్‌కి వెళ్లి ఓటు హక్కు అడిగితే కుదరదని మొహం మీదే చెప్పాడు. మోషే అవుతానన్న మనిషి!

పౌర హక్కుల చట్టం వీటోని కాంగ్రెస్ మూడింట రెండొంతుల మెజారిటీతో తోసేసింది. ఇక అధ్యక్షుడికీ, కాంగ్రెస్‌కీ రోజూ యుద్ధమే. చివరికి 1868 ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ ఆయన్ని అభిశంసించింది. అమెరికా చరిత్రలో ఇంపీచ్ అయిన మొదటి అధ్యక్షుడు ఈయనే. సెనేట్‌లో 35 మంది దోషి అన్నారు, 19 మంది కాదన్నారు. కావాల్సింది 36. ఒక్క ఓటుతో బయటపడ్డాడు.

ఇప్పుడు ఇందులోనే దాగి ఉన్న ఇంకో ముక్క చెప్తాను. నాకు ఈ కథలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. ఆ అభిశంసన దేని మీద వచ్చింది? యుద్ధ మంత్రి ఎడ్విన్ స్టాంటన్‌ని జాన్సన్ తీసేశాడని. ఈ స్టాంటన్ ఎవరు? ఆయన కూడా డెమొక్రాట్‌గా ఉండి వచ్చినవాడే! లింకన్ 1862లో ఎదుటి పార్టీ నుంచి తెచ్చుకున్న మంత్రి. యుద్ధ శాఖని ఒక కొలిక్కి తెచ్చి, గెలుపుకి వెన్నెముకలా నిలబడ్డాడు.

ఒకే లింకన్. ఎదుటి పార్టీ నుంచి ఇద్దర్ని తెచ్చుకున్నాడు. మంత్రి అయినవాడు ఆయన పనిని నిలబెట్టాడు, ఉపాధ్యక్షుడు అయినవాడు దాన్ని కూల్చాడు. తేడా మనుషుల గుణంలో ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఇద్దరూ కూర్చున్న కుర్చీల్లో కూడా ఉంది. స్టాంటన్ తేడాగా వచ్చి ఉంటే లింకన్ ఒక్క ఉత్తరంతో ఇంటికి పంపేవాడు. జాన్సన్‌ని పంపే దారి ఆయనకి లేదు. పైగా జాన్సన్ అధికారం మొదలైందే లింకన్ పోయాక.

ఇది ఒక్కసారే జరిగిందా అంటే, ఇంచుమించు ఇలాంటిదే అంతకుముందూ జరిగింది. 1840లో విగ్ పార్టీ అని ఒకటి ఉండేది. విలియం హెన్రీ హారిసన్ పక్కన జాన్ టైలర్‌ని పెట్టుకుంది. టైలర్ డెమొక్రాట్లతో గొడవపడి బయటికి వచ్చిన వర్జీనియా మనిషి, ఆలోచనలు మాత్రం పాతవే. హారిసన్ ప్రమాణం చేసిన నెల రోజులకే చనిపోయాడు. టైలర్ కుర్చీ ఎక్కి, విగ్గులు ప్రాణంగా చూసుకున్న నేషనల్ బ్యాంక్ బిల్లుని రెండుసార్లు వీటో కొట్టాడు. ఒక్క డేనియల్ వెబ్‌స్టర్ తప్ప మంత్రులంతా రాజీనామా చేశారు. పార్టీ తన అధ్యక్షుణ్ణి తానే బహిష్కరించింది. ఈ పాఠం 1864 నాటికి ఇంకా పాతబడలేదు, కేవలం 23 ఏళ్లు. అయినా మర్చిపోయారు.

మన కాలానికి వద్దాం. 2008లో రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెక్‌కెయిన్ మనసులో ఉన్న పేరు జో లీబర్‌మన్. 2000లో డెమొక్రాట్ల తరఫున ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన మనిషే. ఇరాక్ యుద్ధం విషయంలో ఇద్దరిదీ ఒకే మాట, మంచి స్నేహితులు. కానీ అబార్షన్ లాంటి విషయాల్లో లీబర్‌మన్ రిపబ్లికన్లకి పూర్తి వ్యతిరేకం. పార్టీలో తిరుగుబాటు వస్తుందని సలహాదారులు భయపెట్టారు. మెక్‌కెయిన్ వెనక్కి తగ్గి సారా పేలిన్‌ని తీసుకున్నాడు, ఓడిపోయాడు. లీబర్‌మన్‌ని తీసుకోనందుకు బాధపడ్డానని తర్వాత రాశాడు కూడా.

చాలామంది ఈ కథని, పార్టీ పిడివాదులు మంచి పనిని చెడగొట్టారు అన్నట్టు చెప్తారు. నేను ఆ కార్యకర్తల వైపు నుంచి కూడా చూస్తాను. మెక్‌కెయిన్‌కి అప్పటికి 72 ఏళ్లు. ఆయనకి ఏదైనా అయితే సుప్రీంకోర్టు జడ్జిల్ని ఎంపిక చేసేది లీబర్‌మన్. నేను ఓటేసింది దీనికా అని ఒక రిపబ్లికన్ ఓటరు అడిగితే, ఆ ప్రశ్నని ఇరుకు మనసు అని కొట్టిపారేయలేం. 1864లో ఎవరో ఒకరు అడిగి ఉండాల్సిన ప్రశ్న అదే.

మరి ఎదుటి పార్టీ వాళ్లతో కలిసి పని చేయకూడదా అంటే, తప్పకుండా చేయాలి. 1940లో రూజ్‌వెల్ట్ తన నేవీ మంత్రిగా ఫ్రాంక్ నాక్స్‌ని తెచ్చుకున్నాడు. 1936లో రూజ్‌వెల్ట్‌కి వ్యతిరేకంగా రిపబ్లికన్ల ఉపాధ్యక్ష అభ్యర్థిగా నిలబడ్డవాడే ఈ నాక్స్! యుద్ధ శాఖకి హెన్రీ స్టిమ్సన్, ఆయనా రిపబ్లికనే. రెండో ప్రపంచ యుద్ధం ఆ ఇద్దరితో నడిచింది. ఒబామా వచ్చాక కూడా బుష్ పెట్టిన రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్‌ని కొనసాగించాడు. ఇవన్నీ పని చేశాయి. అన్నీ మంత్రి పదవులే, గమనించండి.

కాబట్టి నా మాట ఇది. ఎదుటి పార్టీ మనిషికి శాఖ ఇవ్వండి, పెద్ద శాఖే ఇవ్వండి. రెండో కుర్చీ మాత్రం ఇవ్వకండి. ఒకవేళ ఇవ్వాల్సే వస్తే, ఈరోజు మనిద్దరం ఎక్కడ కలుస్తున్నాం అన్నది చాలదు. రేపు నేను లేకపోతే నువ్వు ఏం చేస్తావ్ అని అడగాలి, దాని జవాబు ఓటర్లందరి ముందు చెప్పించాలి. లింకన్‌కీ జాన్సన్‌కీ కుదిరిన ఒప్పందం ఒక్క విషయం మీద. యుద్ధం ముగియగానే ఆ విషయం అయిపోయింది, దాంతోపాటే ఒప్పందమూ అయిపోయింది. మిగిలిన మూడేళ్ల పదిన్నర నెలలు జాన్సన్ ఇష్టం.

స్టేజీ మీద రెండు పార్టీల వాళ్లు చేతులు పట్టుకుంటే ఫొటో బాగుంటుంది. ఎడిస్టో దీవి జనం ఆ ఫొటోలో లేరు, ఆ ఎన్నికలో వాళ్లకి ఓటు కూడా లేదు. కానీ పోయింది వాళ్ల భూమి.

మీరేమంటారు? 1864 జూన్‌లో ఆ సభలో మీరే కూర్చుని ఉంటే, గెలుపు మీద ఏ నమ్మకమూ లేని ఆ రోజుల్లో, హామ్లిన్‌నే ఉంచేవాళ్లా, జాన్సన్‌కి చెయ్యి ఎత్తేవాళ్లా? తర్వాత ఏమైందో తెలుసు కాబట్టి మనకి ఈజీ. ఆ తెలిసింది కాసేపు పక్కన పెట్టి ఆలోచించండి.